అదే మాట మేజిస్ట్రేట్ ముందు

ఆమె మధ్యాహ్నం పూట వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో మడిచిన గొడుగు. వేసవిలో మా చంద్రపూర్‌లో ఆ వేళకు కుక్కలు కూడా రోడ్డు మీద కనబడవు. ఆమె ముఖం ఎండకు కందిపోయి ఉంది. గుమ్మంలో నిలబడి, మరాఠీలో నా పేరు చెప్పి "మీరేనా?" అని అడిగింది. తల ఊపాను. ఇళ్ళల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం ప్రభుత్వం నియమించిన సంరక్షణ అధికారి తనేనని, ఈ ఇంటి గురించి తనకు సమాచారం అందిందని చెప్పింది.

నా ఎడమ చేతికి పిండికట్టు ఉంది. ఆమె దాని వంక చూడలేదు. అదే నాకు అనుమానం కలిగించింది. కట్టు కట్టుకున్న మనిషి కనబడితే ఎవరైనా ముందు ఏమైందని అడుగుతారు. ఈమె అడగలేదంటే, ఏమైందో ఈమెకు ముందే తెలుసన్నమాట.

"ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"వాళ్ళ పేరు బయటపెట్టను."

"బాత్రూంలో జారి పడ్డాను. అంతకన్నా ఏమీ లేదు."

మా అత్తమ్మ వరండాలో కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. తనకు మరాఠీ రాదంటుంది. తెలంగాణ పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో మామయ్య వెంట ఈ బొగ్గుగనుల ఊరికి వచ్చి, ఇక్కడే ముసలిదైంది. నిజంగా రాదో, రానట్టు ఉంటుందో నాకెప్పుడూ తేలలేదు. ఆ రోజు కూడా తల ఎత్తలేదు గానీ, చాటలో వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

ఆ అధికారి మంచినీళ్ళు అడిగి తాగింది. గ్లాసు తిరిగి ఇస్తూ, తన ఆఫీసు ఎక్కడో చెప్పి, "రావాలో వద్దో నీ ఇష్టం తాయీ" అని, అక్కను పిలిచినట్టు పిలిచి వెళ్ళిపోయింది. నేను తలుపు వేసి, ఇది మా ఆయన పన్నిన ఎత్తే అనుకున్నాను.

సహాయం చెయ్యడానికి ఇంటికొచ్చిన మనిషిని మొగుడే పంపాడని అనుకోవడం ఎవరికైనా వింతగానే ఉంటుంది. ఆయన సంగతి చెబితే ఉండదు.

మా ఆయన ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో డంపర్ లారీ నడుపుతాడు. తాగడు. గల్లీలో ఎవరింట్లో ఆపద వచ్చినా ముందు వెళ్ళి నిలబడతాడు. ఇంట్లో మాత్రం ఆయనది ఒకటే జబ్బు, పరీక్ష పెట్టడం. షిఫ్టుకు పోయేముందు నా స్కూటీ మీటరు చూసుకునేవాడు, వచ్చాక మళ్ళీ చూసేవాడు. నేను పనిచేసే ఎక్స్‌రే సెంటర్ ఎంత దూరమో, కూరగాయల మార్కెట్ ఎంత దూరమో ఆయనకు తెలుసు. మీటరు ఎక్కువ తిరిగితే లెక్క చెప్పాలి. అప్పుడప్పుడు తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చేది. "మేడమ్, మీకు పార్సిల్ ఉంది" అని మగ గొంతు. "ఏం పార్సిలండీ?" అని మర్యాదగా అడిగితే చాలు, సాయంత్రం ఆయన నోట వచ్చేది: "పరాయోనితోటి ముచ్చట్లు మస్తు పెడుతున్నవట?" ఆ గొంతు ఆయన షిఫ్టు దోస్తుదని చాలా రోజులకు తెలిసింది. అట్లా ఇరవై ఏళ్ళ కాపురంలో నాకూ ఒక అలవాటు అబ్బింది. ఎవరైనా మంచిగా మాట్లాడితే, వాళ్ళ వెనక ఆయన నిలబడి ఉన్నాడేమోనని చూసుకోవడం.

చెయ్యి విరిగింది కూడా మీటరు వల్లనే. మా అమ్మాయి నాగ్‌పూర్‌లో నర్సింగ్ చదువుతోంది. దానికి బ్యాగు కొనడానికి జట్‌పురా గేటు బజారు దాకా వెళ్ళాను. మీటరు ఎక్కువైంది. నేను బ్యాగు చూపించాను. "బ్యాగు కొననీకే పోయినవా, బ్యాగు సాకు పెట్టుకొని పోయినవా?" అన్నాడు. మూలనున్న కర్ర తీశాడు. తల మీద పడబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

ఎక్స్‌రే నేను పనిచేసే చోటే తీశారు. అక్కడి డాక్టరమ్మ మరాఠీ ఆవిడ, మాట పొదుపు. ఫిల్మ్ వెలుతురుకు పట్టి చూసి, పక్కన ఎవరూ లేనప్పుడు అంది: "జారి పడితే సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది. నీది ముంజేయి మధ్యలో విరిగింది. దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకు ఇలా విరుగుతుంది." పడ్డానండీ అన్నాను. "ఊఁ" అంది.

అధికారి వచ్చి వెళ్ళిన సంగతి ఆయనకు ఆ సాయంత్రమే తెలిసింది. అత్తమ్మే చెప్పింది. "ఎవరో సర్కారు ఆమె వచ్చింది. నీళ్ళు తాగి పోయింది" అని మాత్రం చెప్పింది. ఆయన నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. స్నానం చేశాడు, తిన్నాడు, "చెయ్యి నొస్తుందా?" అని అడిగాడు. కొట్టే మనిషిని ఎట్లా తప్పించుకోవాలో కొంత తెలుసు. చెయ్యి నొస్తుందా అని అడిగే మనిషిని ఏం చెయ్యాలో తెలియదు.

తర్వాత జిలేబీ తెచ్చాడు. ఆ తర్వాత కొత్త ఫోన్ తెచ్చాడు. "నీ పాతది పగిలింది గదా. గిది పట్టుకో" అని తనే సిమ్ మార్చి, అన్నీ సరిచేసి ఇచ్చాడు. పక్కింటావిడ చూసి, ఎంత మారిపోయాడో అంది. నేనూ ఒకటి రెండు రోజులు ఆశపడ్డాను.

ఒకరోజు సెంటర్ నుంచి నడిచి వస్తూ పుదీనా కోసం పక్క సందులోకి తిరిగాను. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం అన్నం కలుపుకుంటూ ఆయన మామూలుగా అడిగాడు: "గా సందుల ఏం పని ఉండె నీకు?"

పుదీనా అన్నాను. అప్పుడు అర్థమైంది. చేతికి కట్టు ఉన్నంతకాలం నేను స్కూటీ నడపలేను. ఆయనకు వేరే మీటరు కావలసి వచ్చింది. మర్నాడు సెంటర్‌లో రద్దీ లేనప్పుడు ఫోన్‌లో ఒక్కొక్కటీ తెరిచి చూశాను. నేను ఎక్కడున్నానో ఆయన ఫోన్‌కు పొద్దస్తమానం చేరుతోంది. ఆపలేదు. ఆపితే ఆయనకు తెలుస్తుంది. ఫోన్‌ను రిసెప్షన్ సొరుగులో పెట్టి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, బ్యాంకులో పని ఉందని పర్మిషన్ అడిగాను.

ఆమె నా ముఖంలోకి చూసి, "ఆ అధికారి ఆఫీసుకేనా?" అంది.

ఈమె కూడా ఆయన మనిషేనా అనుకున్నాను.

"నేనే ఆమెకు ఫోన్ చేశాను. ఫలానా ఇంట్లో ఆడమనిషికి దెబ్బలు తగులుతున్నాయని తెలిస్తే ఎవరైనా చెప్పవచ్చు, చట్టం ఉంది. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు."

నాకు కృతజ్ఞత కలగలేదు. కోపం వచ్చింది. ఇంత జరిగాక కూడా నా గురించి నన్ను అడగకుండా నిర్ణయించేవాళ్ళే అందరూ అనిపించింది. అయినా చెప్పులు వేసుకుని వెళ్ళాను.

ఆ ఆఫీసులో ఫ్యాను తిరుగుతున్నా గాలి రాలేదు. అధికారి అడుగుతూ రాసుకుంటూ పోయింది. నేను మరాఠీ బళ్ళో చదువుకున్నదాన్నే. ఆమె రాసింది చదవనివ్వమన్నాను. విసుక్కుంటుందేమోనని చూశాను. కాగితాలు నా వైపు తిప్పి, "చదువు. అర్థం కాని చోట సంతకం పెట్టకు" అంది. ఆ మాటన్నాకే ఆమె ముఖం సరిగా చూశాను. నా కంటే చిన్నది. కళ్ళ కింద నల్లగా ఉంది.

ఆయనను జైల్లో వేస్తారా అని అడిగాను. ఇది అలాంటి కేసు కాదంది. ముందు కోర్టు ఆయనకు హద్దు గీస్తుంది: చెయ్యి చేసుకోవద్దు, పనిచేసే చోటికి పోవద్దు, ఇంట్లోంచి వెళ్ళగొట్టవద్దు. ఆ హద్దు దాటితే అప్పుడు నేరం. ఇల్లు మా అత్తమ్మ పేరు మీద ఉందన్నాను. "ఎవరి పేరు మీద ఉన్నా, నువ్వు కాపురం చేసిన ఇల్లు. కోర్టు కాదనే దాకా నిన్ను కదిలించడానికి లేదు" అంది. ఇంకోసారి అడిగాను. మళ్ళీ అదే చెప్పింది. రాత్రికి అమ్మాయికి ఫోన్ చేద్దామనుకున్నాను గానీ ఆ కొత్త ఫోన్ మీద నాకు నమ్మకం లేదు. సెంటర్‌కు తిరిగొచ్చి డాక్టరమ్మ ఫోన్ నుంచే చేశాను. అది అంతా విన్నది. తర్వాత "మమ్మీ, ఈసారి మధ్యల ఆపొద్దు" అంది.

ఉచితంగా వాదించే వకీలును కోర్టువాళ్ళే ఇచ్చారు. కుర్రాడు. నోటీసు అందాక మా ఆయన కూడా ఒక వకీలును పెట్టుకున్నాడు. ఒకరోజు కోర్టు ఆవరణలో చెట్టు కింద మా ఇద్దరి వకీళ్ళూ ఒకే బెంచీ మీద చాయ్ తాగుతూ నవ్వుకోవడం చూశాను. నా వకీలు కుర్రాణ్ణి నిలదీశాను. "ఆయన నాకు సీనియర్ తాయీ. చాయ్ వేరు, కేసు వేరు" అన్నాడు. నేను నమ్మలేదు. అప్పటి నుంచి ప్రతి వాయిదాకూ ముందే వెళ్ళి, ఏం వాదించబోతున్నాడో చెప్పించుకునేదాన్ని. కేసు తేలేదాకా మేజిస్ట్రేటు మధ్యంతర ఆదేశం ఇచ్చాడు. మా ఆయన ఇంటికి రాకూడదు, నా పని దగ్గరికి రాకూడదు. ఆయన బట్టలు సర్దుకుని బల్లార్‌పూర్‌లో తన చిన్నాయన ఇంటికి వెళ్ళిపోయాడు.

అత్తమ్మ మాత్రం నాతోనే ఉండిపోయింది. ఇల్లు ఆమెది, ఎక్కడికి పోతుంది? మేమిద్దరం ఒకే ఇంట్లో మాటలు కొలిచి మాట్లాడుకుంటూ బతికాం. ఆమె పక్కింటికి వెళితే, కొడుకుతో ఫోన్‌లో మాట్లాడటానికేనని నాకు తెలుసు. ఆమె వంటగదిలోకి రాకముందే వంట ముగించేదాన్ని. ఆమె పెట్టిన చాయ్ చల్లారేదాకా ముందు పెట్టుకుని, ఆమె తాగాక తాగేదాన్ని. ఆమెకు అది తెలిసే ఉంటుంది.

కొంతకాలానికి చిన్నాయన మనుషులను కూడగట్టాడు. మా తెలుగువాళ్ళలో పెద్దమనుషులు, గనిలో రిటైరైనవాళ్ళు. బల్లార్‌పూర్‌లో ఆయన ఇంట్లో చాప పరిచి కూర్చున్నారు. నన్ను పిలిపించారు. మా ఆయన వచ్చి అందరి ముందూ చేతులు జోడించాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"తప్పయింది. ఇగ చెయ్యెత్త. నా తల్లి మీద ఒట్టు," అన్నాడు.

"విన్నవ్ గద బిడ్డా," అన్నాడు చిన్నాయన. "మొగోడు గింతమందిల చేతులు జోడిస్తుండు. ఇంకేం గావాలె? కేసు వాపస్ తీస్కో. మన ఇంటి పంచాయితీ మరాఠోళ్ళ కచేరీల ఎందుకు?"

ఆ కన్నీళ్ళు నిజమైనవే అనిపించింది. నాకూ ఏడుపొచ్చింది. ఒప్పుకునేదాన్నేమో. అంతలో చిన్నాయన జేబులోంచి కాగితం తీశాడు. కేసు వెనక్కి తీసుకుంటున్నానని మరాఠీలో టైపు చేయించి, నా పేరు కింద సంతకానికి చోటు కూడా వదిలి ఉంది. నేను ఏమంటానో వినకముందే అది తయారైంది. నా ఏడుపు ఆగిపోయింది. ఆలోచించుకుంటానని చెప్పి బస్సెక్కాను.

మర్నాడు పెరట్లో మెంతికూర తుంచుతుంటే అత్తమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. తనూ ఒక కట్ట అందుకుంది. కాసేపటికి తల ఎత్తకుండానే అంది: "గా కాయితం మీద దస్తకత్ పెట్టకు."

"ఎందుకత్తమ్మా?"

"నువ్వు కేసు తీసినంక ఇల్లు వాని పేరు మీద రాయాల్నంటుండు. నన్ను కోర్పనా కాడ మా తమ్మునింట్ల ఉండమంటుండు. నేను పోయినంక నీకు ఈడ ఎవరున్నరు?"

నేను తుంచడం ఆపి ఆమె వైపు చూశాను. ఇన్నేళ్ళలో నా పక్షాన ఆమె అన్న మొదటి మాట అది. నిజంగా నా కోసమేనా? లేక తన ఇల్లు పోతుందన్న భయమా? లేక నేను ఏమంటానో తెలుసుకు రమ్మని కొడుకే పంపాడా? మూడూ సాధ్యమే. "చూద్దాం అత్తమ్మా" అని మాత్రం అన్నాను.

ఆలోచించి, ఎవరినీ నమ్మనవసరం లేని దారి ఒకటి పట్టుకున్నాను. చిన్నాయనకు కబురు పంపాను: "మీ ముందు అన్న మాటే మేజిస్ట్రేటు ముందు అనమనండి. ఇగ చెయ్యెత్తనని అక్కడ రాయించనీ. ఆదేశం అట్లనే ఉండనీ. నేను కాపురానికి ఒప్పుకుంట."

వాయిదా రోజున నా వకీలు ఆ మాటే చెప్పాడు. మేజిస్ట్రేటు మా ఆయనను అడిగాడు. మా ఆయన నీళ్ళు నమిలాడు. ముందు కేసు తీసెయ్యాలి, ఆదేశం రద్దు కావాలి, ఆ తర్వాతే ఏదైనా అన్నాడు. చెయ్యెత్తనివాడికి చెయ్యెత్తవద్దనే ఆదేశంతో వచ్చే ఇబ్బందేమిటని మేజిస్ట్రేటు అడిగాడు. మా ఆయన తన వకీలు వైపు చూశాడు. రాజీ అక్కడితో ముగిసి, సాక్ష్యాలు మొదలయ్యాయి.

మా ఆయన తెచ్చుకున్న సాక్షి అత్తమ్మే.

ఆ ఉదయం ఆమె నాకంటే ముందే లేచి, పెట్టెలోని మంచి చీర కట్టుకుని, ఎక్కడికో చెప్పకుండా బయలుదేరింది. కోర్టు వరండాలో కొడుకు పక్కన కూర్చుని కనిపించింది. కాబట్టి మెంతికూర దగ్గరికి ఆమెను కొడుకే పంపాడని నాకు తెలిసిపోయిందనుకున్నాను. లోపలికి పిలిచారు. తలుపులు మూశారు. బయటివాళ్ళెవరూ లేరు. ఆమెకు మరాఠీ రాదని, కోర్టులో పనిచేసే తెలుగాయనను అనువాదానికి పిలిచారు. ఆయనది తెలంగాణ సరిహద్దులోని రాజురా వైపు.

మా ఆయన వకీలు అడిగాడు: కోడలు బాత్రూంలో జారిపడటం చూశావా?

అత్తమ్మ కొడుకు వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "పడలే. వాడే కొట్టిండు. కర్ర తీస్కొని గొడ్డును బాదినట్టు బాదిండు. నేను వరండల్నే కూసున్న. లేచి అడ్డం పోదామంటే కాళ్ళు లేవలే," అంది.

అనువాదం చేసే ఆయన మేజిస్ట్రేటు వైపు తిరిగి, భార్యాభర్తల మధ్య కొంచెం గొడవ జరిగిందంటోందని మరాఠీలో చెప్పాడు.

నేను లేచి నిలబడ్డాను. వకీలు కూర్చోమని సైగ చేస్తున్నాడు. "సాహెబ్, ఆమె అలా అనలేదు," అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. మేజిస్ట్రేటు నన్ను కూర్చోమని, అనువాదకుడి వైపు చూసి, ఆమె అన్నది మాటకు మాట చెప్పమన్నాడు. అత్తమ్మను మళ్ళీ అడిగారు. ఆమె మళ్ళీ అవే మాటలు అంది, ఈసారి ఇంకా నెమ్మదిగా. గొడ్డు అనే మాట రికార్డులోకి ఎక్కింది. ఆ అనువాదకుణ్ణి ముందే ఎవరైనా కలిశారో, లేక మనవాళ్ళ ఇంటి సంగతి మరాఠీ సాహెబు ముందు మెత్తగా చెబుదామనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

బయటికొచ్చాక మా ఆయన తల్లి ఎదురుగా నిలబడ్డాడు. "నువ్వు నా తల్లివేనా?" అన్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కట్టు విప్పిన చెయ్యి అది. ఇంటికొచ్చాక ఆమె చాయ్ పెట్టింది. వేడిగానే తాగాను.

తుది ఆదేశం నాకు అనుకూలంగా వచ్చింది. ఆయన ఒకసారి దాన్ని పరీక్షించి చూశాడు. ఎక్స్‌రే సెంటర్‌కు వచ్చి, రోగుల బెంచీ మీద కూర్చుని, నన్నే చూస్తూ ఉన్నాడు. నోరెత్తలేదు, కదల్లేదు. నేను పోలీసులకు, అధికారికి ఫోన్ చేశాను. వచ్చిన కానిస్టేబుల్ "ఊరికే కూర్చున్నాడు కదమ్మా" అన్నాడు. అంతలో స్కూటర్ మీద అధికారి వచ్చి, ఆదేశంలో నా పని దగ్గరికి రాకూడదన్న వాక్యం పైకి చదివి వినిపించింది. అప్పుడు ఆయనను తీసుకెళ్ళారు. కేసయింది. ఆ తర్వాత ఆయన ఈ వైపు రాలేదు.

ఇప్పుడు ఇంట్లో నేనూ అత్తమ్మే ఉంటాం. సెలవులకు అమ్మాయి వస్తుంది. ఆదివారాలు అత్తమ్మ పొద్దున్నే బస్సెక్కి బల్లార్‌పూర్ వెళుతుంది. కొడుక్కి ఇష్టమైన కూర వండి పెట్టి, పొద్దుగూకే లోపు తిరిగి వస్తుంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో నేను అడగను. ఆమె చెప్పదు. ఆమె రాగానే ముఖంలో ఏముందో మాత్రం చూస్తాను. ఆ అలవాటు పోలేదు, పోగొట్టుకోవాలని కూడా లేదు.

మొన్నటి ఆదివారం వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

"మస్తు చిక్కిండు," అంది. "తప్పయిందంటుండు. ఈసారి నిజంగనే మారిండట. నీకు చెప్పుమన్నడు."

"నువ్వు నమ్మినవా అత్తమ్మా?"

ఆమె చెప్పులు విప్పి పక్కన పెట్టింది.

"నేను కన్నతల్లిని, నమ్ముత," అంది. "నువ్వు నమ్మకు."

కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. నేను ఇద్దరికీ కంచాలు పెట్టాను.